మా ఆయన సముద్రం దాటబోతున్నాడు

మా ఆయన అట్లాంటిక్ దాటబోతూ ఉండడం ఇది ఆరో ఏడు. దాటడం వేరు, దాటబోతూ ఉండడం వేరు. ఆ రెండో విద్యలో మా వెండెల్‌ని మించినవాడు ఫ్లోరిడాకి దిగువనున్న ఈ ఎక్సుమా దీవుల్లోనే లేడు.

చలికాలం వచ్చిందంటే మా జార్జ్‌టౌన్ రేవులో వందలకొద్దీ పడవలు లంగరు దించుకుని కూర్చుంటాయి. ఎవరిని కదిపినా ఎక్కడికో వెళ్తున్నవాళ్ళే. ఒకడు పనామా అంటాడు, ఒకడు బ్రెజిల్ అంటాడు, దారిలో కాస్త ఆగామంతే అంటారు. ఆగి ఎన్నేళ్ళయిందని మాత్రం అడగకూడదు, అది మర్యాద కాదు. పొద్దున్న ఇసుకలో వాలీబాల్, మధ్యాహ్నం పేకాట, పొద్దు గుంకే వేళకి అందరూ కలిసి శంఖాలు ఊదడం, ఆ తర్వాత రమ్ము. ఇంత పని నెత్తిన పెట్టుకుని మహాసముద్రాలు దాటడానికి తీరికెక్కడిది, పాపం!

ఈ రేవుకి పెద్దమనిషి మా ఆయన. ప్రతి పొద్దునా పడవలన్నీ రేడియో పెట్టుకుంటాయి. ఎవరొచ్చారు, ఎవరు వెళ్తున్నారు, ఎవరి దగ్గర పాత పంపు అమ్మకానికుంది అనే కబుర్లయ్యాక మా ఆయన గొంతు సవరించుకుని వాతావరణం చెబుతాడు. ఇన్నేళ్ళలో ఆయన నోట "వెళ్ళండి" అన్న మాట నేను వినలేదు. "ఇంకొన్నాళ్ళు చూద్దాం" అంటాడు. రేవంతా హమ్మయ్య అనుకుని రెండో కప్పు కాఫీ పోసుకుంటుంది. అందుకే ఆయనంటే అందరికీ అంత ప్రేమ.

అది చాలక, ఒడ్డున సరుగుడు చెట్ల కింద క్లాసులు కూడా. మహాసముద్రం దాటడం ఎలా అని. తుఫానులో తెరచాప ఎలా కుదించాలో, నీళ్ళు ఎలా పొదుపు చేసుకోవాలో బల్ల గుద్ది చెబుతాడు. ఆ క్లాసులు విన్న కుర్ర జంట ఒకటి నిజంగానే దాటేసి అవతలి ఒడ్డు నుంచి ఫొటో పంపింది. గురువుగారు దాన్ని పటం కట్టించి పడవలో తగిలించారు. నేను దాని కిందే గిన్నెలు తోముకుంటాను.

మా ఊరు గ్లాస్టర్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసినంతకాలం ఆయన పని ఏ ప్రమాదం ఎటునుంచి వస్తుందో చూడడమే. రిటైరైన ఏడాది ఒక రోజు నా చెయ్యి పట్టుకుని, "డెల్ఫీనా, ఇల్లు అమ్మేద్దాం. పడవ కొనుక్కుని అట్లాంటిక్ అవతల అజోర్స్‌లో మీ అమ్మ పుట్టిన ఫయాల్ దీవికి మన తెరచాప మీద మనమే వెళ్దాం" అన్నాడు. నాకు కన్నీళ్ళొచ్చాయి. ఇల్లు అమ్మడానికి సంతకం పెట్టాను. పెరట్లో గులాబీలు ఎదురింటావిడకి అప్పగించాను. వెళ్దాం, వెళ్దాం అనుకుంటుండగానే నాకు అరవై ఏడొచ్చాయి. మోకాళ్ళు గట్టిగా మొరాయిస్తున్నాయి. ఇంకో రెండేళ్ళు పోతే ఈ పడవ ముందు భాగానికి పాకడం కూడా నా వల్ల కాదు. విమానంలో వెళ్ళొచ్చుగా అంటారు. వెళ్ళొచ్చు. ఇల్లమ్మింది విమానం టికెట్టు కోసమా?

మే నెల వస్తుంది. ప్రయాణానికి అదే అదును. ఒక ఏడు బ్యాటరీ పాడైంది. మరో ఏడు ఆయన పన్ను నొప్పి. ఇంకో ఏడు ఏ లోపమూ దొరక్క, గాలి మరీ బాగుంది, అనుమానంగా ఉంది అన్నాడు. జూన్ వస్తే తుఫానుల కాలం, ఇక ఫ్లోరిడాకి పరుగు. అక్కడికి పడవ నడిపేదీ నేనే, తెచ్చేదీ నేనే. ఆయన కళ్ళు తిరుగుతున్నాయని కింద పడుకుని వాతావరణం చూస్తుంటాడు. అయినా సాగనంపే విందు మాత్రం ఏ ఏడూ తప్పలేదు.

ఈ ఏడు విందుకి కొబ్బరి రొట్టెలు తేవడానికి మిస్ యూలా కొట్టుకి వెళ్ళాను. ఆవిడ మా విందులన్నిటికీ రొట్టె కాల్చిన మనిషి.

"వెళ్తున్నారా తల్లీ?" అంది.

"వెళ్తున్నాం, మిస్ యూలా."

"వెళ్ళిరండి, వెళ్ళిరండి. వచ్చే మే నెలకి కూడా ఇవే రొట్టెలా, మార్చమంటావా?"

నవ్వాను. ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ పడవ దాకా వచ్చేసరికి ఆ నవ్వు పోయింది.

విందు ఘనంగా జరిగింది. మా ఆయన ఉపన్యాసం ఇచ్చాడు. అందరూ కౌగిలించుకున్నారు. మర్నాడు పొద్దున్న రేడియో కబుర్లవగానే ఆయన మైకు సోఫా మీద పడేసి, దాని మీదే చతికిలబడ్డాడు. ఇద్దరమూ చూసుకోలేదు. ఆ మైకు మీట నొక్కుకుని ఉన్నంతసేపూ మన మాటలు రేవంతా వినబడతాయి, మనకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేరు.

"వెండెల్, రేపు గాలి బాగుంది. నేనూ చూశాను" అన్నాను.

"రేపు శుక్రవారం. నావికులెవరూ శుక్రవారం బయలుదేరరు."

"సరే, ఎల్లుండి."

"ఎల్లుండికి గాలి మారొచ్చు."

"ఎప్పుడు మారలేదయ్యా? మారుతుంది కాబట్టే దాన్ని గాలి అన్నారు! ఇల్లమ్మించావు. నా మోకాళ్ళు అరిగిపోతున్నాయి. నిజం చెప్పు, అసలు వెళ్తామా లేదా?"

కాఫీ కప్పు పక్కన పెట్టాడు.

"వెళ్ళలేను డెల్ఫీనా. మొదటి ఏడే తెలిసిపోయింది. ఇక్కడికి వస్తుంటే, ఒడ్డు కనబడకుండా పోయేసరికి నాకు ఊపిరాడలేదు."

"మరి ఆ క్లాసులో?"

"అవి ఒడ్డు మీద కదా చెప్పేది."

"విందులో?"

"విందు బాగుంటుంది కదా. అందరూ కౌగిలించుకుంటారు."

కొట్టాలో ఏడవాలో తెలియలేదు. ఈలోపు రబ్బరు పడవ ఒకటి దూసుకొచ్చి మా పడవకి ఢీకొట్టింది. పక్క పడవ ఇర్మా. రాత్రి గౌను మీదే వచ్చేసింది.

"మైకు! మైకు మీద కూర్చున్నాడే నీ మొగుడు! రేవంతా వింటోంది! మా క్లైడ్ అయితే టోస్టు పట్టుకుని అలాగే బిగుసుకుపోయాడు!"

వెండెల్ పాము మీద కూర్చున్నవాడిలా లేచాడు. మొహం పాలిపోయింది. ఆ క్షణాన నిజంగా జాలేసింది నాకు. ఇక ఈ రేవులో తలెత్తుకోలేడు పాపం అనుకున్నాను.

నా పిచ్చిగానీ! మధ్యాహ్నం కాకముందే మొగవాళ్ళు ఒక్కొక్కరే రమ్ము సీసాలతో రావడం మొదలుపెట్టారు. పనామాకి వెళ్తున్నవాడు వచ్చి భుజం తట్టాడు. బ్రెజిల్‌కి వెళ్తున్నవాడు కళ్ళు తుడుచుకున్నాడు. క్లైడ్ అయితే మా ఆయన చేతులు పట్టుకుని, "ఇంత ధైర్యంగా భయపడ్డవాణ్ణి నా జన్మలో చూడలేదు వెండెల్" అన్నాడు. సాయంత్రానికి కొత్త క్లాసు ఖాయమైంది, భయాన్ని గౌరవించుకోవడం మీద. మా ఆయన వినయంగా తలవంచుకుని ఒప్పుకున్నాడు. ఎవరూ, ఒక్కరంటే ఒక్కరు కూడా, నీ సంగతేంటమ్మా అని నన్ను అడగలేదు. ఒళ్ళు మండిపోయింది.

ఇర్మా గిన్నెలు తోమే నెపంతో నా పక్కకి చేరింది. మా అందరిలోకీ నిజంగా సముద్రం దాటినది అదొక్కతే, మొదటి మొగుడితో. ఆ మొగుణ్ణి అవతలే వదిలేసి వచ్చింది.

"ఏమే, తిండి డబ్బాలన్నీ సర్దే ఉన్నాయిగా?" అంది మెల్లగా.

"ఉన్నాయి."

"నీళ్ళు?"

"నిండా."

"నేనొస్తాను. మరి మీ ఆయన్ని అడగాల్సిన పని ఏముంది?"

మర్నాడు పొద్దున్న రేడియోలో, ఎవరైనా బయలుదేరుతున్నారా అని యథాప్రకారం అడిగారు. మైకు నేను తీసుకున్నాను.

"మా పడవ హొరైజన్ బయలుదేరుతోంది, అజోర్స్‌కి. నేనూ, ఇర్మా."

రేడియోలో ఎవడో నసిగాడు. "ఇవాళ శుక్రవారం కదండీ..."

"శుక్రవారం పట్టింపు నావికులకి నాయనా. మనకెందుకు?"

మైకు పెట్టేశాను. వెండెల్ ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"మరి నేను?"

"నీ పడక అలాగే ఉంది, వస్తే రా. రాలేనంటే నీ బట్టల సంచీ మన రబ్బరు పడవలో పెట్టాను. క్లైడ్ పడవలో ఇర్మా చోటు ఖాళీ."

రబ్బరు పడవలోకి దిగి కూర్చున్నాడు. కానీ మా పడవకి కట్టిన తాడు విప్పలేదు. లంగరు లేచింది, తెరచాప నిండింది. ఆయన మా వెనకే, ఆ తాడు చివర ఈడ్చుకొస్తున్నాడు. రేవు దాటేచోట, పగడపు దిబ్బ దగ్గర, వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

"పైకి రా, లేకపోతే తాడు విప్పు. ఇక్కణ్ణించి లోతు."

"నాకు భయంగా ఉంది డెల్ఫీనా."

"నాకూ ఉంది."

విచిత్రంగా చూశాడు. నలభై ఏళ్ళ కాపురంలో నాకూ భయం ఉంటుందని ఆ మనిషికి తట్టినట్టు లేదు.

"మరెలా వెళ్తున్నావు?"

"భయపడుతూనే."

తాడు రెండు చేతులా పట్టుకున్నాడు. లాక్కుని పైకి వచ్చేస్తాడనుకున్నాను. ఒట్టు, వస్తే బాగుండునని నా ప్రాణం కొట్టుకుపోయింది. ఆయన ముడి విప్పుతూ, తల ఎత్తకుండానే అన్నాడు. "గాలి చాలా బాగుంది. వెళ్ళు."

తాడు నీళ్ళలో పడింది. దాన్ని చుట్టుకుంటుంటే కళ్ళు కనబడలేదు. దూరం పోయాక వెనక్కి చూశాను. చెయ్యి ఊపుతున్నాడు, రమ్మన్నట్టో పొమ్మన్నట్టో తెలియలేదు.

"చుక్కాని చూడవే" అంది ఇర్మా.

కళ్ళు తుడుచుకుని తూర్పుకి తిప్పాను.