చుక్కి ఎత్తు మధ్యలో ఆగదు

“గుర్రమా ఇది? బెల్‌బాటమ్ ప్యాంటు తొడుక్కున్న ఆవులా ఉంది,” అన్నాడు జగన్మోహన్.

కూతురు తన్వి చుక్కి జూలు దువ్వుతూనే ఉంది. ఒంటి నిండా నలుపు తెలుపు మచ్చలు, పొట్టి వీపు, బలిసిన తొడలు, మోకాళ్ల నుంచి గిట్టల్ని కప్పేస్తూ నేల దాకా జాలువారే వెంట్రుకలు. అమెరికాలో, హెర్న్‌డన్‌లో ఉద్యోగం చేసుకునే తండ్రికి ఈ గుర్రం ఒక వృథా ఖర్చు. తన్వికి ప్రాణం.

“రేపు పొద్దున కెంటకీ నుంచి గుర్రాల్ని తీసుకెళ్లే ట్రైలర్ వస్తోంది. అమ్మేస్తున్నాను.”

“నేను అమ్మనివ్వను నాన్నా.”

“సరే, ఒక్క చాన్స్. ఇవాళ మీ కౌస్తుభ్ అన్నయ్య పెళ్లి ఊరేగింపు నీ గుర్రబ్బండి మీదే కదా. హాలుకి ఎక్కే ఎత్తు దారి మధ్యలో ఆడపెళ్లివాళ్లు ఎదురుకోలు పెట్టుకున్నారు. కింద చెరువు, పైన హాలు, రెండూ డ్రోన్ షాట్‌లో పడాలట. అక్కడ ఆపితే గుర్రం ఉంటుంది. లేదంటే రేపు ట్రైలర్ ఎక్కుతుంది.”

“ఎత్తు మధ్యలో ఇది ఆగదు. ఇంగ్లండ్‌లో రోమానీ వాళ్లు బండి మీదే ఇల్లు కట్టుకుని తిరిగేవాళ్లు. పొయ్యి, మంచం, పిల్లలు, అంతా అందులోనే. ఆ ఇంటిని లాగడానికే ఈ జాతిని పెంచారు. ఎత్తులో ఆగితే మళ్లీ బండి కదలదని, పైకి ఎక్కేదాకా ఆగొద్దని నేర్పేవాళ్లు. నేనూ అదే నేర్పాను.”

“అంటే మొండిది.”

“స్ట్రాంగ్.”

“మచ్చలది కూడా. పెళ్లికి తెల్లది తెస్తారు ఎవరైనా.”

“మచ్చలవి అప్పట్లో ఆర్మీకి నచ్చేవి కావట. రోమానీ వాళ్లు అవే కావాలని పెంచుకున్నారు.” తన్వి దువ్వెన పక్కన పెట్టింది. “బ్రేక్ తొక్కి ఆపుతాలే.”

నిజంగానే ఆపాలనుకుంది.

బండిలో పెళ్లికొడుకు కౌస్తుభ్, పక్కన నానమ్మ ఉమామహేశ్వరి. ముందు కూర్చుని తన్వి పగ్గాలు పట్టింది. జగన్మోహన్ గుర్రం పక్కనే నడుస్తున్నాడు. బండి వెనక డప్పులు, వాటి చుట్టూ గంతులేసే పిల్లలు. చెవులు చిల్లులు పడే మోతలో చుక్కి చెవైనా కదపకుండా ఎత్తు ఎక్కుతోంది. సగం దారిలో పెళ్లికూతురి తండ్రి ఈశ్వరయ్య వెండి గ్లాసులో పానకం పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు. పైన డ్రోన్ తిరుగుతోంది.

తన్వి బ్రేక్ తొక్కింది. పెడల్ మెత్తగా కిందికి దిగిపోయింది. మళ్లీ తొక్కింది. బ్రేక్ పడలేదు.

వెనక్కి తిరిగి చూసింది. చెయ్యి చాస్తే చక్రం అందేంత దగ్గరలో పిల్లలు. ఇప్పుడు చుక్కి ఆగిందంటే బండి బరువు దాన్ని వెనక్కి ఈడ్చేస్తుంది, వాళ్ల మీదికే. ఆగకపోతే రేపటి నుంచి చుక్కి ఉండదు.

“ఆపు,” అన్నాడు జగన్మోహన్.

“బ్రేక్ పడట్లేదు నాన్నా.”

డప్పుల హోరులో ఆ మాట అతనికి చేరలేదు. కళ్లెం పట్టుకుని గుంజాడు. చుక్కి మెడ దించి, భుజాలు బిగించి ముందుకే నడిచింది. అతను పట్టు వదిలేశాడు.

తన్వి పగ్గాలు సడలించింది. “తప్పుకోండి అంకుల్. ఇది ఆగదు.”

ఈశ్వరయ్య పక్కకు దూకాడు. పానకమంతా పట్టుచొక్కా మీద ఒలికింది.

“పోనీవే,” అంది నానమ్మ, బండి అంచు గట్టిగా పట్టుకుని.

హాలు ముందు చదును నేల తగలగానే చుక్కి తనంతట తానే ఆగింది.

జగన్మోహన్ ఆయాసపడుతూ వచ్చాడు. “అందరిలో పరువు తీశావు. ఈశ్వరయ్య బావగారికి సారీ చెప్పు.”

“చెప్పను. ముందు ఎక్కి ఆ బ్రేక్ తొక్కు.”

విసుగ్గా ఎక్కి తొక్కాడు. పెడల్ అడుగు దాకా దిగిపోయింది. ఇంకోసారి తొక్కాడు. తర్వాత ఎత్తు కిందికి చూశాడు. పిల్లలు ఇంకా గంతులేస్తూనే పైకి వస్తున్నారు.

తన్వి ఈశ్వరయ్య వైపు తిరిగింది. “అంకుల్, బ్రేక్ పోయింది, అందుకే ఆపలేదు. పానకం ఇక్కడ ఇవ్వండి. ఇక్కడ ఎంతసేపైనా నిలబడుతుంది.”

“ఇక్కడైతే చెరువు ఫ్రేమ్‌లోకి రాదండీ,” అన్నాడు డ్రోన్ అబ్బాయి.

“రాకపోతే పోయింది,” అన్నాడు జగన్మోహన్. మెల్లగా దిగి చుక్కి మెడ మీద చెయ్యి వేశాడు. “మరి రేపు రావద్దనడానికి కెంటకీ వాళ్లకి ఏమని చెప్పను?”

“నువ్వన్నదే చెప్పు,” అంది తన్వి. “మొండిదని.”