అగ్గిపెట్టె సీను

నందిగామ సుగుణ అంటే తెలియని ఇల్లు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ తక్కువే. ఆదివారం సాయంత్రం టీవీలో ‘పకపకల పోటీ’ మొదలయ్యేసరికి ఆకుపచ్చ చీర, పసుపు జాకెట్టు, చంకన రెగ్జిన్ సంచితో ఆవిడ దిగిపోతుంది. బస్సు కిటికీలోంచి సీటు మీద చేతిరుమాలు పడేసిన పెద్దమనిషిని పట్టుకుని, “రుమాలుకి సీటెందుకండీ, దానికేమన్నా మోకాళ్ల నొప్పులా?” అని నిలదీస్తుంది. జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు. సుగుణ మాత్రం నవ్వదు. సీటు కోసం నిలబడ్డ మనిషికి నవ్వెక్కడిది?

స్కిట్టు అయ్యాక జడ్జిగారు ప్రతివారం ఒకే మాట అంటారు. “ఇక విగ్గు తీసెయ్ సుగుణా.” అప్పుడు విగ్గు తీసి, నుదుటి చెమట తుడుచుకుని, బెన్ని దణ్ణం పెడతాడు. చప్పట్లు రెట్టింపవుతాయి. అంతసేపూ ఆడమనిషిని చూసి నవ్వినవాళ్లంతా హమ్మయ్య, మగాడే అని ఊపిరి పీల్చుకుంటారు. నాలుగేళ్లుగా ఇదే తంతు. ఆ విగ్గు తీసేటప్పుడు బెన్నికి ఒళ్లు మండిపోయేది. అయినా తీసేవాడు, ఎందుకంటే తియ్యనివాణ్ణి మళ్లీ పిలవరు.

బెన్నిది జగ్గయ్యపేట. తండ్రి శాంతయ్య సిమెంటు ఫ్యాక్టరీ ప్యాకింగులో ఇరవై ఆరేళ్లు బస్తాల మధ్య తిరిగి, దగ్గు ఒక్కటీ వెంటబెట్టుకుని రిటైరయ్యాడు. తల్లి బేబి ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడుతుంది. కొలతకి ఆదిజాకెట్టు ఇచ్చి వెళ్లే ఆడవాళ్లెవరూ ఊరికే వెళ్లరు. అత్తగారినీ, ఆడపడుచునీ, ఆఫీసులో మేనేజరునీ మిషను పక్కన కూర్చుని కాసేపు ఆడిపోసుకుని మరీ వెళతారు. కొంగు దోపుకునే తీరు, ఆరోపణ చేసేముందు గాజులు పైకి తోసుకునే తీరు, అన్నీ బెన్ని అక్కడే నేర్చుకున్నాడు. చర్చిలో క్రిస్మస్ నాటకానికి హేరోదు రాజు భార్య వేషం ఎవరి కూతురూ కట్టనంటే వాడు కట్టాడు. ఆ రోజు మొదటి బెంచీలోంచి లేచి వెళ్లిపోయిన ఒకే ఒక్కడు శాంతయ్య.

అప్పట్నుంచి తండ్రీకొడుకుల మధ్య ఆ మాటే రాలేదు. టీవీలో సుగుణ రాగానే శాంతయ్య కుర్చీ ఎత్తుకుని వాకిట్లోకి వెళ్లేవాడు.

ఈ ఏడాది పెట్టిన పన్నెండు వారాల పోటీలో బెన్ని చివరి నలుగురిలోకి వచ్చాడు. గెలిచినవాళ్లకి సొంత పేరుతో ఒక షో. ఇక నుంచి ఎవరి స్కిట్లోనో పెళ్లాం వేషం వెయ్యక్కర్లేదు, తన్నులు తినక్కర్లేదు. సుగుణ ఏం మాట్లాడాలో సుగుణే రాసుకోవచ్చు. దాని కోసం బెన్ని ఏ గడ్డయినా కరవడానికి సిద్ధంగా ఉన్నాడు.

ఫైనల్‌కి ముందు ఒక్కొక్కరి ఊరికీ వెళ్లి ఏవీ తీస్తారు. ఏవీ అంటే రెండు నిమిషాల వీడియో. కష్టాలు, కన్నీళ్లు, వెనకాల వయొలిన్. ఓట్లు పడేది నవ్వించినందుకు కాదు, ఈ ఏడుపుకే. నవ్వించేవాడి దగ్గర ఏడుపు అడగడం, ఏడ్చేవాణ్ణి డాన్సు చెయ్యమనడం టీవీవాళ్లకి అలవాటు.

ఏవీలు తీసే దిలీప్ ముందే ఫోన్ చేశాడు. “బ్రో, సింపుల్. మీ నాన్నకి ఈ వేషం ఇష్టం లేదు కదా, ఆ చీరా జాకెట్టూ ఆయన తగలబెడతాడు. నువ్వు కాళ్ల మీద పడతావు. ఫైనల్ స్టేజి మీద ‘ఇదే నా చివరి లేడీ గెటప్’ అని మాటిస్తావు. కప్పు నీదే.”

“మరి గెలిచాక నా షోలో ఏం వేషం వెయ్యాలి?”

“అప్పుడు ప్యాంటు వేసుకుని కామెడీ చెయ్. జనాలకి ఒక జర్నీ కావాలి బ్రో.”

బెన్ని సరేనన్నాడు. అన్నీ నటనే కదా, ఇదీ ఒక స్కిట్టే అనుకున్నాడు. ఇంట్లో మాత్రం, నాన్న అగ్గిపుల్ల గీస్తాడని అమ్మకి చెప్పడానికి నోరు రాలేదు.

శుక్రవారం పదకొండింటికి వీధిలోకి వ్యాను వచ్చింది. దిలీప్ ఇల్లంతా కలియజూసి, మిషను పక్కకి జరిపించి, గోడ మీది బైబిలు వాక్యం క్యాలెండరు కెమెరాకి కనపడేలా పెట్టించాడు. సీను ఏమిటో అప్పుడు చెప్పాడు. బేబి లోపలికి వెళ్లి ఒక గుడ్డల మూట తెచ్చింది.

“తగలబెట్టడానికేగా బాబూ, ఇవి తగలబెట్టుకోండి. కత్తిరించిన పేలికలు.”

“ఇవి కాదమ్మా. టీవీలో కనపడే ఆ పసుపు జాకెట్టే కావాలి. ఆడియన్స్ గుర్తుపట్టాలి.”

“అది మూడుసార్లు విప్పి కుట్టా బాబూ. మగపిల్లాడి భుజాలకి ఆడ జాకెట్టు కుదరడమంటే మాటలా?”

బేబి కొడుకు వైపు చూసింది. వద్దను అన్నట్టు చూసింది. బెన్ని చూపు తిప్పేసుకున్నాడు. ఆ క్షణంలో తనంటే తనకే రోత పుట్టింది. అయినా సంచిలోంచి జాకెట్టు తీసి దిలీప్ చేతికిచ్చాడు.

వాకిట్లో పాత సిమెంటు తొట్టి పెట్టి, దాని మీద చీరా జాకెట్టూ పరిచారు. శాంతయ్య చేతికి అగ్గిపెట్టె ఇచ్చారు. కళ్లలో గ్లిజరిన్ వెయ్యబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“అంకుల్, మీ మనసులో ఉన్నదే చెప్పండి. తర్వాత పుల్ల గియ్యండి. రోలింగ్.”

శాంతయ్య అగ్గిపెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు. దగ్గి, గొంతు సవరించుకున్నాడు.

“ఈ వేషం నాకు ఇష్టం లేదు. మొదట్నుంచీ లేదు. ఇప్పుడూ లేదు.”

దిలీప్ మొహం వెలిగిపోయింది. బెన్ని కాళ్ల మీద పడడానికి ఒక అడుగు ముందుకేశాడు కూడా.

“అయితే ఏంటంట?” అన్నాడు శాంతయ్య. “నాకిష్టం లేదని వాడు మానుకోవాలా? ఇరవయ్యారేళ్లు సిమెంటు దుమ్ము తిన్నా. అదేమన్నా ఇష్టపడి తిన్నానా? నీకిష్టమేనా శాంతయ్యా అని ఏ మేనేజరన్నా అడిగాడా? మా వాడికి ఇష్టమైన పని వాడికి దొరికింది. దాన్ని నా చేత్తో తగలబెట్టమంటే కుదరదు. పైగా ఆ కుట్లు మా ఆవిడవి.”

అగ్గిపెట్టె చొక్కా జేబులో వేసుకున్నాడు. “ఇది పొయ్యి కాడికి పనికొస్తది,” అని లోపలికి వెళ్లిపోయాడు.

బెన్నికి చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఇష్టం లేని మనిషి తన పక్షాన నిలబడ్డాడు. ఇష్టమని నాలుగేళ్లుగా ఊరేగుతున్న తను, జాకెట్టు తీసి ఇచ్చేశాడు.

దిలీప్ మాత్రం కంగారుపడలేదు. కెమెరాలో ఏదో చూసుకుని, “నేను మేనేజ్ చేస్తా బ్రో. స్టేజి మీద ఆ మాట నువ్వు చెప్తే చాలు. చెప్పకపోతే మాత్రం నీకీ, ఛానెల్‌కీ తెగిపోయినట్టే,” అన్నాడు. బెన్ని తలూపాడు. ఎందుకూపాడో వాడికే తెలియదు.

ఫైనల్ ఒక్కటే లైవ్. హైదరాబాదులో స్టూడియో నిండా జనం. సుగుణ స్కిట్టు ఆ రోజు అదిరిపోయింది. తర్వాత లైట్లు తగ్గించి ఏవీ వేశారు. గోడంత తెర మీద శాంతయ్య. చేతిలో అగ్గిపెట్టె. “ఈ వేషం నాకు ఇష్టం లేదు. మొదట్నుంచీ లేదు. ఇప్పుడూ లేదు.” అంతే. కోసేశారు. వయొలిన్ మోగింది. ఎవరింట్లోదో మంట చూపించారు. చివర్న తల దించుకున్న బెన్ని.

ముందు వరసలో ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. యాంకరమ్మ గొంతు జీరబోయింది. “బెన్నీ, నాన్నగారు చూస్తుంటారు. ఆయనకి ఏదో మాట ఇవ్వాలన్నావు. ఆ విగ్గు తీసి, మా అందరి ముందూ చెప్పు.”

బెన్ని మైకు అందుకున్నాడు. ఆ మాట నాలుక చివరే ఉంది. అద్దం ముందు పదిసార్లు చెప్పుకున్నదే. ఇదే నా చివరి లేడీ గెటప్. అయిదు సెకన్ల పని. ఆ తర్వాత కప్పు, సొంత షో. స్టేజి పక్కన చీకట్లోంచి దిలీప్ కానిమ్మన్నట్టు వేళ్లు ఆడిస్తున్నాడు.

ఆ వేళ్లు చూసేసరికి బెన్నికి తిక్క రేగింది. నలుగురు చూస్తుండగా తండ్రి మాటని జాకెట్టు కత్తిరించినట్టు కత్తిరించి, ఆ పేలికతో తన నోరు కుట్టెయ్యాలనుకుంటున్నారు. గాజులు పైకి తోసుకున్నాడు. మైకులో వచ్చింది సుగుణ గొంతు.

“అమ్మా యాంకరమ్మా, మా శాంతయ్యగారిని సగమే చూపించారు. మిగతా సగానికి సీటు దొరకలేదా? ఎవరన్నా రుమాలు వేశారా?”

ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జిగారు కళ్లజోడు సర్దుకున్నారు.

“మా ఇంటికి వ్యానేసుకుని వచ్చారండీ. చేతిలో అగ్గిపెట్టె, జేబులో గ్లిజరిన్. ఎందుకొచ్చార్రా అంటే జాకెట్టు తగలబెట్టడానికంట. మా కోడలు కూడా ఇంత పని చెయ్యలేదు నాకు.”

నవ్వులు ఎగిశాయి. సుగుణ నవ్వలేదు. చెయ్యి పైకెత్తి తెర వైపు చూపించింది. చంక దగ్గర ఏదో పుటుక్కుమంది. పట్టించుకోలేదు.

“ఆయన తర్వాత ఏమన్నారో వినండి. ‘నాకిష్టం లేదని వాడు మానుకోవాలా? సిమెంటు దుమ్ము ఇష్టపడి తిన్నానా? మా వాడికి ఇష్టమైన పని దొరికింది. నా చేత్తో తగలబెట్టమంటే కుదరదు. పైగా ఆ కుట్లు మా ఆవిడవి.’ అదండీ మా ఇంటి ఏవీ. ఆయన గియ్యని పుల్ల నేను గియ్యను. ఇది నా చివరి వేషం కాదు. ఇంకా చాలా బస్సులు ఎక్కాలి నేను.”

జడ్జిగారు అలవాటైన మాటే అన్నారు. “సరే సుగుణా, విగ్గు తీసెయ్.”

“తియ్యనండీ,” అంది సుగుణ. “పోయినవారం దాకా తీశా. మీరు సుఖంగా ఇళ్లకి వెళ్లాలని తీశా. ఇవాళ ఇట్టాగే వెళ్లండి.”

విగ్గుతోనే దణ్ణం పెట్టి, విగ్గుతోనే స్టేజి దిగింది. చప్పట్లు కొట్టినవాళ్లు కొట్టారు, మానేసినవాళ్లు మానేశారు. నలుగురిలో నాలుగో స్థానం వచ్చింది. ఇక రావద్దని ఛానెల్ మెసేజీ అరగంటలో వచ్చింది. బెన్ని ఏడవలేదు. ఏడుపొచ్చింది గాని, వాళ్ల గుమ్మంలో మాత్రం ఏడవకూడదని పట్టుబట్టి ఆపుకున్నాడు.

మర్నాడు పొద్దున్న హోటలు గదిలో స్నానం చేసి, ప్యాంటూ చొక్కా వైపు చూసి, మళ్లీ ఆకుపచ్చ చీరే కట్టుకుని, విగ్గు పెట్టుకున్నాడు. ఇన్నేళ్లలో సుగుణ ఒక్కసారి కూడా పగటిపూట తన ఊళ్లో దిగలేదు. ఇవాళ దిగాలి. బస్సులో ఒక కుర్రాడు ఫోన్ ఎత్తి వీడియో తీస్తుంటే, “మొహం సరిగ్గా రానీ నాయనా,” అని చెంగు సర్దుకున్నాడు. సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దాటాక, నవ్వితే నవ్వనీ అనుకుంటూనే చీర కుచ్చిళ్లు గట్టిగా పట్టుకున్నాడు.

హైవే మీంచి ఊరికి తిరిగే చిల్లకల్లు దగ్గర దిగితే, “ఎక్కడికమ్మా?” అని ఆటో ఆపాడు ఖలందర్. పదో తరగతిలో ఒకే బెంచీ. పైనుంచి కింద దాకా చూసి, మింగలేక కక్కలేక, చివరికి, “చీర చక్రంలో పడుద్ది, లోపలికి లాక్కోరా,” అన్నాడు.

వీధి మొదట్లోనే దిగి నడిచాడు బెన్ని. ఇల్లిల్లూ బయటికొచ్చింది. ఎవరో ఈల వేశారు. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చి మిషను దగ్గర కూర్చున్న ఫర్జానా, “ఆ గాజులు తోసుకోవడం నాదేగా? నిన్న టీవీలో చూసి మా ఆయన పట్టేశాడు,” అని నిలదీసింది. బేబి మిషను ఆపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కొడుకుని చూసింది.

వాకిట్లో కుర్చీలో శాంతయ్య. ఈసారి కుర్చీ ఎత్తుకుని ఎటూ వెళ్లలేదు. బెన్ని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. పసుపు జాకెట్టు చంక దగ్గర ఆయన చూపు ఆగింది.

“కుట్టు ఊడింది. మీ అమ్మకియ్యి, రెండో కుట్టు వేస్తది.”

“ఇష్టం లేదన్నావుగా నాన్నా.”

“ఇష్టం లేదనే అన్నా,” అన్నాడు శాంతయ్య. “చిరిగిన జాకెట్టుతో తిరగమన్లేదు.”