వచ్చిన ఉద్దేశం

వదిన బీన్స్‌కు ఈనెలు తీస్తోంది. ఎదురుగా చాప మీద బొత్తాలావిడ చొక్కాలకు బొత్తాలు కుడుతోంది. నేను ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. రోజూ నాలుగింటికి మా ముందుగదిలో జరిగేది ఇంతే.

బొత్తాలావిడ మా పై అంతస్తులో ఒంటిగదిలో ఉంటుంది. దర్జీ దుకాణం వాళ్లు కొత్త చొక్కాలూ, బాగుచేయాల్సిన పాతవీ పంపుతారు. కుట్టి పంపిస్తుంది. ఆవిడకు నా అన్నవాళ్లెవరూ లేరు. మా వదినకు అందరూ ఉన్నాం. అన్నయ్య, ఇద్దరు పిల్లలు, నేను. అయినా వదిన కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వడం ఆ నాలుగింటి వేళ తప్ప మరెప్పుడూ నేను చూడలేదు.

"అక్కా, ఈ చొక్కా ఎవరిదో గానీ పొట్ట దగ్గరివి రెండూ ఎగిరిపోయాయి," అంది వదిన.

"నెలకోసారి వస్తుందే ఇది. మనిషిని చూడలేదు గానీ దినదినాభివృద్ధి చెందుతున్నాడని తెలుస్తోంది."

సరిగ్గా అప్పుడే అన్నయ్య డ్యూటీ దిగి వచ్చాడు. గుమ్మంలో నిలబడి ముగ్గురినీ చూశాడు.

"రోజూ ఈ కబుర్లతో ఏం సాధిస్తున్నట్టు?"

"కూర," అంది వదిన గిన్నె చూపించి.

ఆ తర్వాతి వారమే అన్నయ్యను వాళ్ల ఆఫీసు రెండు రోజుల శిక్షణకు పంపింది. మనుషులను ఒకచోట చేర్చడం ఎలా అన్నది అక్కడ నేర్పారట. తనతోపాటు కూర్చున్న నలభైమందిలో ఒక్కరి పేరు కూడా అన్నయ్యకు గుర్తులేదు. మెడలో వేలాడదీసుకునే పేరు చీటీలు మాత్రం ఒక కట్ట తెచ్చుకున్నాడు.

"ఉద్దేశం లేని కలయిక అసలు కలయికే కాదు," అన్నాడు అన్నం కలుపుకుంటూ.

"మన పెళ్లి ఏ ఉద్దేశంతో జరిగిందండీ?"

"నీకన్నీ వెటకారాలే."

మనుషులు కలవడానికి ఒక పద్ధతి ఉంటుందని మాకు అప్పటిదాకా తెలియదు. పద్ధతి లేకుండానే కలిసేస్తున్నాం. ఆ తప్పు దిద్దడానికి అన్నయ్య 'వీధి సమూహం' పెట్టాడు. మొదటి దశ పది రోజులు. రోజూ నాలుగింటికి, మా ముందుగదిలోనే. చాప చుట్టి మంచం కిందికి తోశాడు. కుర్చీలు గుండ్రంగా వేశాడు. అలా వేస్తే అందరూ సమానమట. తను మధ్యలో నిలబడ్డాడు.

నా దస్తూరీ బాగుంటుందని రిజిస్టరు నాకిచ్చాడు. పల్లెటూరి బడి చదువు చివరికి ఇలా అక్కరకొచ్చింది. మూడు గడులు: పేరు, ఇంటి నంబరు, వచ్చిన ఉద్దేశం.

మొదటిరోజు పదకొండుమంది వచ్చారు. ఇనప సామాన్ల దుకాణాయన 'పరస్పర సహకారం' అని రాయించాడు. రాయించి, మీ మేడకు రంగులెప్పుడు వేయిస్తారమ్మాయ్ అని నన్ను మెల్లిగా అడిగాడు. కారు నడపడం నేర్పే మాస్టారు 'సమాజ చైతన్యం' అన్నాడు. ఆయన భార్య, "ఆయనదే నాకూ ఒకటి రాసెయ్," అంది.

నాలుగయ్యేసరికి బొత్తాలావిడ అలవాటుగా చొక్కాలు చంకలో పెట్టుకుని వచ్చింది. కుర్చీలు చూసి గుమ్మంలోనే ఆగింది.

"ఎందుకొచ్చారో రాయాలి పెద్దమ్మా," అన్నాను.

"ఎందుకేమిటే పిల్లా, ఊరికే వచ్చాను."

'ఊరికే' అని రాశాను.

చివర్లో అన్నయ్య రిజిస్టరు తీసుకుని పైకి చదివాడు. బొత్తాలావిడ గడి దగ్గర ఆగిపోయాడు. కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"విన్నారా? మనమంతా ఏవేవో రాశాం. ఈవిడ ఒకే ఒక్క మాట రాయించారు. ఊరికే! తన కోసం కాదు, మన కోసం కాదు. ఊరికే! ఊరి కోసమే!"

నేను నోరు తెరిచేలోగా చప్పట్లు మొదలయ్యాయి. అన్ని చప్పట్ల మధ్య సంధి విడదీసి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. వదిన వంటగది గుమ్మంలో టీ పళ్లెంతో నిలబడి తల కొట్టుకోబోయింది గానీ చేతులు ఖాళీ లేవు.

బొత్తాలావిడను 'సంధానకర్త'ను చేశారు. మెడలో చీటీ వేశారు. ఊరికి ఏం కావాలో రోజూ ఐదు నిమిషాలు మాట్లాడాలన్నారు.

"నాకు మాటలు రావు నాయనా."

"ఎంత వినయం!" అన్నాడు మాస్టారు.

రెండోరోజు ఆవిడను నిలబెట్టారు. "అందరూ బాగుండాలి," అని కూర్చోబోయింది. అది సరే, అందుకు కార్యాచరణ ఏమిటని దుకాణాయన అడిగాడు. ఆవిడ మెడలో చీటీని తిప్పుతూ నిలబడే ఉంది. సభలో సూదీ దారం బాగుండదని చొక్కాలు బయట పెట్టించారు. వదిన పన్నెండు కప్పులు అందించడంలో ఉంది. ఇద్దరూ ఆ రోజంతా మాట్లాడుకున్నది ఇంతే.

"చక్కెర సరిపోయిందా అక్కా?"

"సరిపోయింది."

నాలుగోరోజు ఆవిడ రాలేదు. ఐదోరోజూ రాలేదు. ఆరోరోజు వదిన టీ పెడుతూ నన్ను పైకి పంపింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల సామాను సగం మూటలు కట్టి ఉంది.

"దర్జీ దుకాణం వెనక ఒక గది ఉందటే. ఎల్లుండి మారిపోతున్నాను," అంది బొత్తాలావిడ. "ఇక్కడుంటే నాలుగయ్యేసరికి కాళ్లు కిందికి లాగుతాయి. వస్తే నిలబెడతారు. మీ వదినకు చెప్పు. ఈలోగా తీరికైతే ఒకసారి రమ్మను."

కిందికి వచ్చి చెప్పాను. వదిన పొయ్యి ఆర్పింది. చెయ్యి తుడుచుకోకుండానే ముందుగదిలోకి వెళ్లింది. అప్పటికే అందరూ గుండ్రంగా సమానంగా కూర్చున్నారు.

"ఏమండీ, ఇవాళ్టికి ఆపేయండి. అక్క ఇల్లు ఖాళీ చేస్తోందట."

"ఎవరు, సంధానకర్తా?" అన్నయ్య మొహం వెలిగింది. "అయితే ఇవాళ్టి విషయం దొరికింది! ఒంటరితనం. మన వీధి బాధ్యత."

దుకాణాయన ప్రశ్నల పట్టిక తయారు చేద్దామన్నాడు. మాస్టారు వేలు పైకెత్తాడు.

"ముందు ఆవిడకు ఒంటరితనం ఉందో లేదో నిర్ధారణ కావాలి కదండీ."

"ఉపసంఘం వేద్దాం," అన్నాడు అన్నయ్య. "ముగ్గురు చాలు. ఎల్లుండి సాయంత్రం వెళ్లి మాట్లాడి వస్తారు."

"ఎల్లుండికి ఆవిడ ఉండదండీ," అంది వదిన.

"అందుకేగా త్వరగా పెట్టింది. నువ్వు టీ తీసుకురా."

వదిన లోపలికి వెళ్లి టీ తెచ్చింది. ఎప్పటిలాగే పన్నెండు కప్పులు. అన్నయ్య అప్పటికి, మనిషికి మనిషే తోడు అన్న రెండో అంశంలో ఉన్నాడు.

"మన గోడ అవతల ఎవరున్నారో మనకు తెలుసా? తలుపు తట్టి, తిన్నావా అని అడిగేవాళ్లున్నారా? ఈ రోజుల్లో ఎవరికి ఎవరు?"

"అద్భుతం," అన్నాడు మాస్టారు.

వదిన పళ్లెం తెచ్చి మాస్టారి చేతుల్లో పెట్టింది. ఆయన కాదనలేక రెండు చేతులా పట్టుకున్నాడు. తర్వాత వదిన కుర్చీల మధ్య నుంచి నడిచింది. ఒక్కొక్కరూ మోకాళ్లు పక్కకు జరుపుకున్నారు. ఎదుటికి వచ్చేసరికి అన్నయ్యా ఒక అడుగు తప్పుకున్నాడు, మాట మాత్రం ఆపలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా వదిన గడప దాటి, మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది.