నాలుగో చోటు

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. నాకు ఇంట్లోనే కాదు, ఉద్యోగంలో కూడా కోడలే ఉంది. ఇక నా గుణం సంగతి మీరే ఊహించుకోండి.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. ఇరవై రెండేళ్లుగా చేప మెదళ్లు కోస్తున్నాను. వేరుశనగ గింజంత మెదడుని మైనంలో బిగించి, కోత యంత్రం మీద ఉల్లిపొర కన్నా పల్చగా కోస్తే ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని రిబ్బనులా వస్తాయి. దాన్ని గోరువెచ్చని నీళ్ల మీద వదిలితే ముడతలు పోతాయి. అప్పుడు గాజు స్లైడు మీదకి ఎత్తుకుంటాను. ఒక మెదడు అయ్యాక, ఇంకోటి మొదలుపెట్టే ముందు నీళ్ల మీద కాగితం పరిచి లాగెయ్యాలి. పాత మెదడు తునకలు ఏమైనా మిగిలితే దానికి అంటుకుని వచ్చేస్తాయి. కొత్తగా చేరినవాళ్లకి నేను మొదట నేర్పేది ఇదే.

ఆ స్లైడ్లకి రంగు వేసి చూసేది నా కోడలు. గుడ్లు పెట్టే కాలం వచ్చిందని ఒంటికి కబురు పంపే హార్మోను ఒకటుంది. దాన్ని తయారుచేసే నాడీకణాలు చేప మెదడులో ఎక్కడెక్కడున్నాయో చూపించడమే తన థీసిస్. గోధుమరంగు కనిపిస్తే అక్కడ కణం ఉన్నట్టు. ముక్కు నరం మెదడులో కలిసే చోట కొన్ని, కంటి నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త ముందు కొన్ని, నడిమి మెదడులో కొన్ని. ఈ మూడూ ఎప్పట్నుంచో తెలిసినవే. కోడలికి నాలుగో చోటు దొరికింది, మెదడు వెనక భాగంలో, అడుగున. రెండే రెండు స్లైడ్లలో కనిపించాయి, అక్కడ అవి బాగా అరుదు కాబోలు అనుకున్నారు. కోడలి గైడు, మా ల్యాబ్ పెద్దసారు కుర్చీలోంచి లేచి వచ్చి మరీ చూశారు. ఇప్పుడు థీసిస్ అంతా ఆ నాలుగో చోటు మీదే నిలబడింది, పిల్ల పట్టా కూడా.

రేపు కోడలి సెమినార్ అనగా మధ్యాహ్నం స్లైడ్లు పెట్టెలో సర్దుతూ, ఆ పేరుమోసిన స్లైడుని నేనూ ఒకసారి చూద్దామని మైక్రోస్కోపు కింద పెట్టాను. కోసిన చెయ్యి కదా, ఆ మాత్రం ముచ్చట ఉండదా? గోధుమరంగు కణాలు చక్కగా ఉన్నాయి. కానీ వాటి మీద ఫోకస్ పెడితే చుట్టూ ఉన్న మెదడు మసకబారుతోంది. మెదడు మీద పెడితే కణాలు మసకబారుతున్నాయి. కణాలు ఆ మెదడు లోపల లేవు, దాని మీద ఉన్నాయి. చిన్న తునక, అంచు కాస్త మడతపడింది. రెండో స్లైడూ అంతే. వాటికి అటూ ఇటూ ఉన్న స్లైడ్లలో ఏమీ లేదు.

స్లైడు మీద తేదీ చూడగానే అంతా గుర్తొచ్చింది. ఆ రోజు ఎనిమిది మెదళ్లు కోశాను, నీళ్ల మీద కాగితం లాగకుండానే, ఒకదాని వెనక ఒకటి. ముందు కోసిన మెదడులో కణాలున్న చోటి తునకలు తేలుతూ వచ్చి దీని వెనక భాగం మీద కూర్చున్నాయి.

తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెప్తే పిల్ల మూడేళ్ల కష్టం నా నోటితోనే కూలిపోతుంది. పైగా నమ్మేదెవరు? అత్తే కోడలి కొంప ముంచిందంటారు. బస్సులో పక్కపక్కనే కూర్చుని కూడా నోరు పెగల్లేదు. వంటింట్లో, తను కూరగాయలు తరుగుతుంటే చెప్పేశాను.

కత్తి పక్కన పెట్టింది. "ఏ స్లైడు?"

"రెండూ."

"రేపు సెమినార్ పెట్టుకుని ఇప్పుడా చెప్పడం?"

"ఇవాళేనమ్మా నేను చూసింది."

"నాకు పట్టా రావడం మీకు మొదట్నుంచీ ఇష్టం లేదు. పెళ్లైన కొత్తలోనే అన్నారు కదా, చదివింది చాల్లే అని."

అన్నాను, నిజమే. అప్పట్లో నా నోరు అలాంటిది, ఇప్పుడూ అంత బాగుపడిందేమీ లేదు. అయినా ఆ మాటకి చాలా బాధేసింది. "నమ్మితే నమ్ము, లేకపోతే నీ నాలుగో చోటు నువ్వే ఉంచుకో" అనేసి చేతులు కడుక్కున్నాను. ఆ రోజు అంత తొందర ఎందుకొచ్చిందో మాత్రం అనలేదు. సాయంత్రంలోగా ఎనిమిదీ కావాలని నెత్తిన కూర్చున్నది తనే. కానీ కాగితం లాగాల్సింది నేనే కదా. మంచినీళ్లకని వచ్చిన మా అబ్బాయి ఇద్దరి మొహాలూ చూసి, తాగకుండానే వెనక్కి పోయాడు. వాడి తెలివి వాడిది.

పొద్దున్న నేను లేచేసరికి కోడలు ఇంట్లో లేదు. ల్యాబ్‌కి వెళ్లి చూస్తే మైక్రోస్కోపు ముందుంది, పక్కన ఆ ఎనిమిది మెదళ్ల స్లైడ్లన్నీ పరిచి ఉన్నాయి. నా వైపు చూడలేదు. పది గంటలకి హాల్లో ప్రొజెక్టర్ సిద్ధంగా ఉండాలని మాత్రం చెప్పింది.

సెమినార్‌లో చివరి వరసలో కూర్చున్నాను. మొదటి చోటు చూపించింది, తర్వాత రెండోది, మూడోది. ఆ తర్వాత నాలుగో బొమ్మ తెర మీదకి వచ్చింది.

"ఇక్కడ ఈ కణాలున్నాయని మూడు నెలలుగా అందరికీ చెప్తున్నాను" అంది కోడలు. "లేవు. వేరే మెదడు తునక వచ్చి మీద పడింది. నాకు దొరికినవి మూడు చోట్లే."

పెద్దసారు కళ్లద్దాలు తీశారు. "తప్పెవరిది?"

"నాదే సార్. ఒక్కరోజులో ఎనిమిది కొయ్యమన్నాను."

నేను లేచి నిలబడ్డాను. "కాదు సార్. నీళ్లు శుభ్రం చెయ్యనిది నేను."

"ఆవిడకి ఆ టైము నేనివ్వలేదు."

"ఇవ్వకపోతే అడగాల్సింది నేను."

"ఇంట్లో కూడా మీరిద్దరూ ఇంతేనా?" అన్నారు పెద్దసారు. హాల్లో కొందరు నవ్వారు, ఆయన నవ్వలేదు. "పన్నెండు కొత్త మెదళ్లు కొయ్యాలి. అంతా మొదట్నుంచీ. పట్టా ఇంకో ఏడాది మాట. ఈసారి కోత కింది అంతస్తు ల్యాబ్ వాళ్లకిద్దాం."

న్యాయమే. ఇరవై రెండేళ్లలో నా బల్ల మీది పని ఇంకొకరికి వెళ్లడం అదే మొదటిసారి. కూర్చున్నాను.

"వద్దు సార్" అంది కోడలు. "వాళ్ల కోతలో తప్పొస్తే నాకెవరు చెప్తారు? ఈవిడ తన తప్పు తనే పట్టుకున్నారు. నేను ఎంత మాటంటానో తెలిసి కూడా వచ్చి చెప్పారు. అన్నాను కూడా. నాకు ఈవిడే కొయ్యాలి."

పెద్దసారు నా వైపు తిరిగి ఏమంటారని అడిగారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అంతమంది ముందు ఏం బాగుంటుందని మింగేశాను.

"రోజుకి ఒక్కటే కోస్తాను" అన్నాను. "తొందరపెడితే ఊరుకోను."

"పెట్టను" అంది కోడలు.