కిటికీ తాడు

కడుపులో ఏమీ లేదని చెప్పే నిండుచూలాలి మాటను డాక్టర్ జ్లాట్కా ఏనాడూ నమ్మలేదు. మత్తిచ్చే పని అలాంటిది. మత్తులో ఉండగా కడుపులోది గొంతుకెక్కి ఊపిరితిత్తుల్లో పడిందా, ఆ పులుపుకు అవి కాలిపోతాయి. తల్లి దక్కదు.

బల్గేరియాలోని ఆ చిన్న ఊరి కాన్పుల ఆసుపత్రిలోకి చుట్టాలను రానివ్వరు. వాళ్ళు పెరట్లో నిలబడి కేకలేస్తారు, పైనుంచి ఎవరో తాడు వదిలితే దానికి తిండి సంచి కడతారు. కాన్పయిన వాళ్ళకు పంపితే తప్పు లేదు. నొప్పులు పడుతున్న పిల్లకు పంపితేనే జ్లాట్కాకు ఒళ్ళు మండుతుంది.

ఇవాళ నొప్పులు పడుతున్నది సెవ్దా, తొలిచూలు. ఆమె అత్త పొద్దున్నే కిటికీ కింద పాతుకుపోయింది. చేతిలో గుడ్డ చుట్టిన గిన్నె ఉండేది, మధ్యాహ్నానికి లేదు. ఏమైందని జ్లాట్కా కిటికీలోంచి అడిగితే, ఎవరూ అడగకపోయినా ముందు తన కోడలు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదని చెప్పి, సూపు పిల్లికి పోసేశానంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. కోడిసూపు పిల్లికి పోసే అత్త ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

జ్లాట్కా గదంతా వాసన చూసింది. వెల్లుల్లి వాసన తగిలినట్టే ఉంది, మళ్ళీ లేనట్టూ ఉంది. సెవ్దాను నిలదీస్తే కడుపులో బిడ్డమీద ఒట్టేసింది. ఏళ్ళ తరబడి తనతో పనిచేస్తున్న మంత్రసాని గేనాను జ్లాట్కా పిలిచి అడిగింది.

"పొద్దున్నుంచీ నేనిక్కడే ఉన్నాను డాక్టరమ్మా. చీమను కూడా రానివ్వలేదు," అంది గేనా.

సాయంత్రం బిడ్డ గుండె చప్పుడు పడిపోతుంటే, వెంటనే కోయాలన్నాడు సర్జన్ కోలెవ్. జ్లాట్కా ముందు పులుపు విరిచే మందు తాగించింది. గొంతు నొక్కిపట్టే మనిషి లేనిదే మత్తివ్వనంది.

"ఒట్టేసిన పిల్లను కూడా నమ్మవు. నీ మొగుడు నీతో ఎలా వేగుతున్నాడమ్మా?" అని కోలెవ్ విసుక్కున్నాడు.

"నేను నమ్మను కాబట్టే నువ్వు కోసినవాళ్ళు ఇంటికెళ్తున్నారు."

గేనా సెవ్దా గొంతు మీద వేళ్ళు వేసి గట్టిగా నొక్కింది. అలా నొక్కితే కడుపులోది పైకి రాదు. మత్తెక్కగానే జ్లాట్కా ఊపిరిగొట్టం దించి, ఊపిరితిత్తుల్లోకి ఏదీ జారకుండా దాని చుట్టూ బుడగ ఉబ్బించింది. ఇక భయం లేదు, వదలమని చెప్పింది. గేనా వదల్లేదు. మళ్ళీ చెప్పినా వదల్లేదు. ఆమె నుదురంతా చెమట.

జ్లాట్కా ఆమె ముఖంలోకి చూసింది. తనే ఆ వేళ్ళు విడదీసి, కడుపులోకి ఇంకో గొట్టం వేసి లాగింది. మెతుకులు, కోడిమాంసం పీచులు, వెల్లుల్లి.

"ఒక్క గిన్నె, డాక్టరమ్మా," అంది గేనా. "ఆకలని ఏడ్చింది. ఖాళీ కడుపుతో కనడానికి బలమెక్కడిదని జాలిపడ్డాను. కోతదాకా వస్తుందనుకోలేదు."

తెర అవతల కోలెవ్ చేతుల్లో బిడ్డ కేరుమంది. సెవ్దా ఊపిరి తేటగా ఆడుతోంది. జ్లాట్కాకు గేనాను చెంపదెబ్బ కొట్టాలనిపించింది, ఏడుపూ వచ్చింది.

"అత్తను అనుమానించాను, పిల్లను అనుమానించాను. ఇన్నేళ్ళలో నేను నమ్మింది నిన్నొక్కదాన్నే గేనక్కా."

 గేనా జేబులోంచి చుట్టచుట్టిన తాడు తీసి ఆమె చేతిలో పెట్టింది.