నిషిత వాజ్ ఇన్ బ్లాక్ త్రీ

అరుణమ్మకు ఇంగ్లీషు కాలాలు కంపెనీ బస్సు వల్ల వచ్చాయి.

కూతురు నిషిత పటాన్‌చెరు అవతల మందుల కంపెనీలో చేరినప్పుడు, ఆపద వేళ పిలవడానికి ఇంటివాళ్ళ నెంబరు రాయమంటే తల్లిది రాసింది. బస్సుల సంగతి చూసే బిశ్వాల్ సారు ఆ నెంబరునే వాట్సాప్ గ్రూపులో ఎక్కించాడు. తీసేయించవచ్చు గానీ అరుణమ్మ తీయనియ్యలేదు. తొమ్మిదో తరగతిలో ఆగిపోయిన చదువుతో రోజూ పొద్దున ఆ మెసేజ్‌లు కూడబలుక్కునేది. బస్ ఈజ్ లీవింగ్ అంటే కదులుతున్నది. బస్ హాజ్ లెఫ్ట్ అంటే పోయింది, ఉరికినా అందదు. బస్ విల్ బి లేట్ అంటే పిల్ల ఇంకో రెండు ముద్దలు తినొచ్చు.

"ఈజ్ అంటే ఉన్నది. వాజ్ అంటే ఉండె, ఇప్పుడు లేదు. గంతే అమ్మా," అని నిషిత జడ వేసుకుంటూ చెప్పేది. "ఊకె పరేషాన్ గాకు."

పరేషాన్ కాకుండా ఉండటం అరుణమ్మకు చేతకాని పని. పిల్ల తుమ్మితే ఆసుపత్రి మంచం కనబడేది. పది నిమిషాలు ఆలస్యమైతే హైవే మీద లారీ కనబడేది. ఇట్లా ఇరవై మూడేళ్ళు భయపడీ భయపడీ ఆమె ఒళ్ళు అలిసిపోయింది గానీ భయం అలిసిపోలేదు.

ఆ గురువారం మధ్యాహ్నం పక్కింటి సౌభాగ్యమ్మ గోడ మీదుగా తొంగి చూసి, "పటాన్‌చెరు దిక్కు ఏదో కంపెనీల పొగ లేసిందట. మా కొడుకు బిల్లీ ఫోన్ జేసిండు," అంది.

"ఏ కంపెనీల అక్కా?"

"గది తెల్వదన్నడు."

నిషిత ఫోను స్విచ్ఛాఫ్. డ్యూటీలో ఫోన్లు బయటే పెట్టిస్తారని తెలుసు. తెలిసీ నాలుగుసార్లు చేసింది. చివరకు బిశ్వాల్ సారుకే, ఒక్కో అక్షరం వెతికి, వేర్ ఈజ్ నిషిత సార్ అని పెట్టింది.

పావుగంటకు జవాబు వచ్చింది. నిషిత వాజ్ ఇన్ బ్లాక్ త్రీ.

అరుణమ్మ ఆ వరుసను మూడుసార్లు చదివింది. మిగతా మాటలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. వాజ్ దగ్గరే వేలు ఆగిపోయింది. మళ్ళీ ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

సౌభాగ్యమ్మ మిషన్ స్కూల్లో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చెప్పి రిటైరయిన మనిషి. ఫోను చూసి తేలిగ్గా తిరిగి ఇచ్చేసింది.

"ఆయన ఒడిశాయన అరుణా. మొన్న బస్సు వొచ్చి పోయినంక విల్ కమ్ అని పెట్టిండని నువ్వే నవ్వితివి గద. గాయనకు ఈజ్‌కు వాజ్‌కు తేడా తెల్వదు."

"తెల్వదంటవా?"

"ముప్పై ఏండ్లు పిల్లల కాపీలు దిద్దిన. నా మాట ఇను."

"మరి బ్లాక్ త్రీ మంచిగనే రాసిండు గద అక్కా."

అరుణమ్మ తలుపుకు తాళం పెట్టి చౌరస్తాకు నడిచింది.

షేర్ ఆటోలో నలుగురు బీహారు పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుంది. దారి పొడుగునా దేవుణ్ణి ఒక్కటే కోరింది. బిశ్వాల్ సారుకు ఇంగ్లీషు రాకుండా ఉండాలి. ఇంకెవరి చదువు ఎట్లా పోయినా సరే, ఆయనకు మటుకు ఒక్క ముక్క రాకూడదు.

కంపెనీ గేటు దగ్గర పొగ లేదు. మనుషులూ గుమిగూడలేదు. కాపలా ఉన్న నర్సన్న ఆమెకు మంచినీళ్ళ సీసా ఇచ్చి, "పొగ మా దగ్గర గాదమ్మా. అవతల గల్లీల అట్టపెట్టెల గోదాం. ఎవ్వలకేం గాలె," అన్నాడు.

"మా బిడ్డ నిషిత. బ్లాక్ త్రీల ఉంటది. ఒక్కసారి పిలువు బిడ్డా, సూసి పోత."

నర్సన్న ఆమె ముఖం వైపు చూసి, చూపు రిజిస్టరు మీదకు దించాడు. "ఆమె ఇక్కడ పన్జేస్తలేదు గదమ్మా. తీసేసి పద్దెనిమిది రోజులాయె. నీకు చెప్పలేదా?"

బిశ్వాల్ సారు ఇంగ్లీషు సరైనదే.

పిల్ల బతికి ఉంది. ఆ మాట లోపలికి దిగేసరికి గేటు పక్కన సిమెంటు దిమ్మె మీద కూలబడింది. అప్పుడే ఫోను మోగింది.

"అమ్మా, గిన్ని మిస్డ్ కాల్స్ ఏంది?"

"యాడున్నవ్?"

నిషిత "డ్యూటీల" అని మొదలుపెట్టి ఆగిపోయింది.

"నేను మీ గేటు కాడున్న," అంది అరుణమ్మ.

పటాన్‌చెరు బస్టాండులో ఇద్దరూ ఒక బెంచీ మీద కూర్చున్నారు. నిషిత అన్నం డబ్బా ఇంకా విప్పలేదు. అరుణమ్మే మూత తీసి చేతికిచ్చింది. పిల్ల తింటూ, తలెత్తకుండా చెప్పింది.

"మందు కలిపే ట్యాంకు కడుగలేదమ్మా. కడిగినట్టు రాయమన్నడు మా ఇన్‌చార్జి. ఎట్లయినా కడుగుతరు, నువ్వు రాయి అన్నడు. కడుగుతరు అంటే రోజూ కడుగుతరనా, ఇగ ముందు కడుగుతరనా? మన తెలుగుల రెండిటికి ఒకటే మాట. ఇంగ్లీషుల గట్ల గాదు. క్లీన్డ్ అని రాస్తే అయిపోయినట్టు. నేను విల్ బి క్లీన్డ్ అని రాసిన. మర్నాడు తనిఖీకి వొచ్చినోళ్ళు నా రాత సూసిన్రు. ఇగ నన్ను తీసేసిన్రు."

"నీకెందుకే గంత నీతి? వాడు రాయమన్నది రాస్తే అయిపోతుండె."

"గవి జనం మింగే గోలీలు అమ్మా."

"పద్దెనిమిది రోజులు నాకు చెప్పకపోతివి."

"చెప్తే నువ్వు నిద్రపోతవా?"

నిషిత చెయ్యి కడుక్కొచ్చి బ్యాగులోంచి ఒక ఫారం తీసింది. పొద్దున ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూకు పోయిందట, అందుకే ఫోను ఆపేసింది. ఫారం నింపి ఇయ్యాల్టిలోగా తెచ్చి ఇమ్మన్నారు. అన్నీ నింపింది, ఒక్క వరుస తప్ప. హావ్ యు ఎవర్ బీన్ టర్మినేటెడ్.

"ఏమడుగుతున్నరు?"

"ఎక్కడన్న తీసేసిన్రా అని."

"లేదని రాయి. ఎవడొచ్చి సూస్తడు?"

నిషిత పెన్ను పట్టుకుని కూర్చుంది. రాయలేదు, రాయననీ అనలేదు. కళ్ళ కింద నల్లగా ఉంది. పద్దెనిమిది పొద్దులు తయారై, ఎక్కడెక్కడ తిరిగి, సాయంత్రం నవ్వుకుంటూ ఇంటికొచ్చిన ముఖం అది.

"ఎవర్ అంటే?" అని అడిగింది అరుణమ్మ.

"ఎప్పుడన్న. అప్పటి సంది ఇయ్యాల్టి దాంక."

నిజం రాస్తే ఈ కొలువూ రాదని అరుణమ్మకు అప్పుడే తెలిసిపోయింది. దీని తరువాతదీ రాదు, ఊళ్ళో అందరికీ తెలుస్తుంది, పిల్ల ఇంట్లో కూర్చుంటుంది. అంతా వరసగా కనబడింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"తీసేసిన్రనే రాయి," అంది.

నిషిత తలెత్తింది.

"ఎందుకు తీసేసిన్రో గూడ రాయి. జాగ ఉన్నదా?"

"రెండే లైన్లున్నయి."

"సన్నగ రాయి. పడ్తది."