పదో మంచం పద్యాల జల్లు

దమ్మామ్ ఆసుపత్రిలో నర్సు రూబీకి తెల్లారితే మూడు పనులు. బీపీలు చూడ్డం, మాత్రలివ్వడం, పదో మంచం ఆర్చీగారు పద్యం ఎత్తుకునేలోగా ఫైళ్లమీద ప్లాస్టిక్ షీటు కప్పడం. ఆయన చదివితే వార్డులో వాన పడుతుంది మరి. పెద్ద వానేం కాదు, వాళ్లూరి సముద్రం మీంచొచ్చే సన్నజల్లు. పక్కమంచాలవాళ్లు టీ గ్లాసులకి చెయ్యి అడ్డం పెట్టుకుని హాయిగా వింటారు.

ఆర్చీగారిది స్కాట్లండు. ఇక్కడి ఓడరేవులో క్రేన్లు బాగుచేస్తూ ఇరవైరెండేళ్లు గడిపాడు. పద్యాలు మాత్రం ఇంగ్లీషులో రాయడు, అమ్మ దగ్గర నేర్చిన స్కాట్స్ భాషలోనే. చేపల బుట్టలు, చలికి పగిలిన చేతులు, చర్చి వెనక ముద్దులు, అన్నీ అందులోనే! అరవయ్యేడో ఏట మొదటి పుస్తకం అచ్చయింది. ఈ శనివారమే వాళ్లూళ్లో విడుదల. ఇంతలో చిన్న స్ట్రోకొచ్చింది.

కాలూ చెయ్యీ కుదుటపడ్డాయి. కానీ పుస్తకం సంబరంలో ఉన్న మనిషి, కొత్త డాక్టరు ఇంగ్లీషులో ఏమడిగినా, తెలియనివాళ్లకి నలిగిన ఇంగ్లీషులా వినబడే స్కాట్స్‌లోనే జవాబిచ్చాడు. డాక్టరేమో ‘మాట తడబడుతోంది, విమానం ఎక్కకూడదు’ అని రాసేశాడు.

"తడబాటేంటి వదినా, ఆయన భాషే అది!" అంది రూబీ, తోటి నర్సు సుందరితో.

"నీ నరసాపురం ఇంగ్లీషు వింటే రేపు నిన్నూ పదకొండో మంచంలో పడుకోబెడతాడు, చూసుకో!" అంది సుందరి.

రూబీకి నవ్వు రాలేదు. తిన్నగా వెళ్లి డాక్టర్ని పిలుచుకొచ్చింది. "ఆర్చీగారూ, మీ అమ్మగారి మీద రాసింది చదవండి."

ఆయన చదివాడు. తుంపర మొదలైంది. డాక్టరు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మూడో పాదంలో ఆర్చీగారు ఆగి, తల అడ్డంగా ఊపి, ఒక మాట తీసేసి వేరే మాట పెట్టి చదివాడు. జల్లు ఒక్కసారిగా చిక్కబడింది.

"ఎందుకు మార్చారు?" అన్నాడు డాక్టరు.

ఆర్చీగారు తన భాషలోనే గలగలా చెప్పుకుపోయాడు. పదమూడు రోజులుగా వింటున్న రూబీ ఇంగ్లీషులో విప్పి చెప్పింది. "మొదటి మాట మరీ పొడిగా ఉందట సార్. వాళ్లమ్మ ఎప్పుడూ తడిచేతుల్తోనే ముద్దుచేసేదట."

డాక్టరు తడుస్తూనే ఫైలు అడిగి తీసుకుని, రాసింది కొట్టేసి, ‘మాట శుభ్రంగా ఉంది, ప్రయాణం చేయవచ్చు’ అని సంతకం పెట్టాడు.

"విమానం గురువారం కదా," అన్నాడు కుర్చీ మంచం దగ్గరికి లాక్కుంటూ. "ఇంకా రెండ్రోజులుంది. ఇంకోటి చదవమనండి."